పన్నెండో వస్తువు

తిప్పేస్వామి ఉద్యోగం సైన్సు ల్యాబులో అటెండరు. చదువు పదో తరగతి, అదీ రెండో దండయాత్రలో. అయినా కణేకల్ దగ్గరి ఆ హైస్కూల్లో కంప్యూటరు విద్యకు పీఠాధిపతి ఆయనే. ఆ పీఠం తపస్సు చేసి సంపాదించింది కాదు. ఎనభై అయిదులో ప్రభుత్వం పంపిన బీబీసీ కంప్యూటరును బస్సు దగ్గర్నుంచి బడిదాకా నెత్తిన మోసినవాడు ఆయన. పేరు విని, లండన్ వార్తలు చెబుతుందేమోనని ఊరి పెద్దలు నాలుగు రోజులు కిటికీ దగ్గర కాచుకుని నిరాశగా వెళ్ళిపోయారు. దాని కోసం అనంతపురంలో శిక్షణ పొందిన ఇద్దరు మాస్టర్లూ ఏడాది తిరక్కుండా బదిలీ అయిపోయారు. యంత్రానికీ అటెండరుకీ బదిలీ లేదు. మిగిలిన ఆ ఇద్దరూ ఒకరికొకరు అలవాటుపడ్డారు.

మీట నొక్కితే రెండు కూతలు కూసి, రెప్పపాటులో "చెప్పు" అన్నట్టు సిద్ధమయ్యేది. దాని కడుపులో ఏదీ నిలవదు. కరెంటు పోతే అన్నీ పోయినట్టే. ఆ మండలంలో కరెంటు పోవడం వాన రాకపోవడమంత నియమంగా జరిగేది కాబట్టి, మార్కులు కూడి ర్యాంకులు చెప్పే నలభై లైన్ల ప్రోగ్రాంను తిప్పేస్వామి కొన్ని వందలసార్లు కొట్టాడు. చివరికి విసిగి ఒక టేపురికార్డరు క్యాసెట్టులోకి ఎక్కించి బీరువాలో దాచాడు.

2001 నవంబరులో బడికి కొత్త కంప్యూటరు వచ్చింది. దాని వెనకాలే జిల్లా నుంచి ఒక జాబితా వచ్చింది: పనికిరాని వస్తువులు పన్నెండు, వేలం వేయవలసినది. బెంచీలూ గ్లోబులూ కలిసి పదకొండు పోగా పన్నెండోది, "పాత కంప్యూటరు, ఒకటి."

ఆ సోమవారం పదకొండుంబావుకు జిల్లా నుంచి వచ్చిన అధికారి గంగాదేవి ల్యాబులో అడుగుపెట్టేసరికి పదకొండు వస్తువులూ వరండాలో కుళ్ళాయప్ప త్రాసు ఎక్కి దిగాయి. కుళ్ళాయప్పది పాత ఇనుము వ్యాపారం. ఆయన కంటికి ప్రపంచమంతా బరువే.

"ఇది పనిచేస్తాంది మేడమ్" అన్నాడు తిప్పేస్వామి.

"పనిచేసేదాన్ని పనికిరానిదని రాయలేను. చూపించు. పన్నెండుకు నా బస్సు" అందామె.

హెడ్మాస్టరు లక్ష్మీపతి నవ్వి, పోలికకుంటుందని పక్క బల్ల మీది కొత్త కంప్యూటరును కూడా తెరిపించాడు. ఆయనకు దానంటే భక్తి, కొంచెం భయం. మొదటివారంలోనే అది "మీరు చట్టవిరుద్ధమైన పని చేశారు" అని ఇంగ్లీషులో ప్రకటిస్తే, గది తలుపు వేసుకుని చాలాసేపు బయటికి రాలేదు.

తిప్పేస్వామి టేపురికార్డరుకు వైరు తగిలించి క్యాసెట్టు పెట్టాడు. తెర మీద "వెతుకుతున్నాను" అన్న ఇంగ్లీషు మాట వచ్చి అక్కడే ఆగింది. రెండు నిమిషాలు. నాలుగు. ఆయన చెవుల వెనక చెమట కారింది. వైరు పీకి విన్నాడు.

టేపులోంచి లక్ష్మీపతి గొంతు గంభీరంగా మోగింది: "...ఆధునిక సాంకేతిక విజ్ఞానమును మన విద్యార్థులకు అందించవలెనను సంకల్పముతో..."

పోయినేటి వార్షికోత్సవం. ఖాళీ క్యాసెట్టు దొరక్క బీరువాలోది తీసి దాని మీదే రికార్డు చేశారు.

"బాగా మాట్లాడినావు సార్" అన్నాడు వరండాలోంచి కుళ్ళాయప్ప. "ఏం స్వామీ, ఇంగ తీసుకుపోదునా? నా ఎద్దు ఎండలో ఉండాది."

"నీ ఎద్దును నీడకు కట్టప్పా" అన్నాడు తిప్పేస్వామి. ఇనుప స్టూలు ముందుకు లాక్కుని కూర్చున్నాడు. కాగితం లేదు. కళ్ళు తెర మీద, పెదవులు మంత్రం చదువుతున్నట్టు. పది, ఇరవై, ముప్పై అంటూ లైన్ల నంబర్లు ఒక్కొక్కటే దిగాయి. గంగాదేవి గడియారం చూసుకుంది. పదకొండు ముప్పై ఎనిమిది. మూడు వందల పదో నంబరు దగ్గర కరెంటు పోయింది.

ఫ్యాను రెక్కలు నెమ్మదించి నిలిచిపోయాయి.

నాలుగు నిమిషాలకు తిరిగొచ్చింది. పాతది రెండు కూతలు కూసి నిలబడింది. కొత్తది నీలం తెర పరిచి తన ఆరోగ్యాన్ని తానే గడి గడిగా పరీక్షించుకోసాగింది.

"ఎంతసేపు?" అంది గంగాదేవి.

"చెకింగ్ మేడమ్. ఎంతసేపో దానికే తెలియాల" అన్నాడు లక్ష్మీపతి.

తిప్పేస్వామి మళ్ళీ పది నుంచి మొదలుపెట్టాడు. ఈసారి వేళ్ళు ఆయన్ను అడగలేదు. పదకొండు యాభై ఒకటికి చివరి లైను కొట్టి నడిపించాడు. యంత్రం మొహమాటం లేకుండా చెప్పింది: తప్పు, తొంభయ్యో నంబరులో. చట్టం గొడవ లేదు, నేరారోపణ లేదు. ఎక్కడ తప్పో చెప్పింది, అంతే. ఆయన చూశాడు. ఒక చుక్క మరిచాడు. పెట్టాడు.

"మార్కులు చెప్పండి మేడమ్. ఎవురివైనా."

ఆమె రిజిస్టరు తీసి ఆరుగురివి చదివింది. ఆరు పేర్లూ క్షణంలో ర్యాంకుల వరసలో నిలబడ్డాయి. ఆమె వేళ్ళ మీద కూడి చూసుకుంది. సరిపోయింది.

"నా పేరు కూడా రాయగలదా?" అని మెల్లగా అడిగింది.

ఆయన రెండు లైన్లు కొట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో గంగాదేవి పేరు తెర నిండా పడి, పైకి పరుగెడుతూనే ఉంది. ఆమె బస్సు సంగతి కాసేపు మరిచింది. తర్వాత పెన్ను తీసి రాసింది: "పరీక్షించగా పనిచేయుచున్నది."

అప్పుడు లక్ష్మీపతి గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, పన్నెండు వస్తువులకు మంజూరు. పదకొండంటే పైన ఒప్పుకోరు. పన్నెండోది లేకుంటే మళ్ళీ జాబితాలోకి ఇదే ఎక్కుతాది."

రూలు నిజమే. ఆమె పెన్ను గాల్లో ఆగింది. వరండాలో కుళ్ళాయప్ప త్రాసు గొలుసు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

తిప్పేస్వామి లేచి నిలబడ్డాడు. పదహారేళ్ళుగా కూర్చున్న స్టూలును రెండు చేతులతో ఎత్తి, తీసుకెళ్ళి త్రాసులో పెట్టాడు.

"ఇదీ బడిదే మేడమ్. ఒక కాలు పొట్టి."

ఆమె "పాత కంప్యూటరు" కొట్టేసి "ఇనుప స్టూలు, ఒకటి" అని రాసి, సంతకం పెట్టి బస్సుకు పరుగెత్తింది.

"ఆరు కిలోలు కూడా లేదప్పా" అన్నాడు కుళ్ళాయప్ప.

మర్నాడు తొమ్మిదింటికి తిప్పేస్వామి మీట నొక్కాడు. రెండు కూతలు. మొదటి లైను నిలబడే కొట్టాడు.