తగిలినదీ తన్నినదీ

కోపం కొందరికి ముక్కు మీద ఉంటుందంటారు. నాది కాళ్ళలో ఉండేది. తలుపు తెరుచుకోకపోతే తలుపును తన్నేవాడిని, చెయిను ఊడితే సైకిల్‌ను తన్నేవాడిని. మా అవ్వ మాత్రం ఆ కాళ్ళకు ఒక్క బుద్ధి నేర్పింది. పుస్తకానికో, చేటకో, మనిషికో పొరపాటున కాలు తగిలితే వెంటనే ఆ చోటును చేత్తో తాకి కళ్ళకు అద్దుకోవాలి. నేను మరిచిపోయినా ఆమె చేతిలోని చింతబరికె మరిచిపోయేది కాదు. కొన్నేళ్ళకు అది నేను చేసే పని కాకుండా పోయింది. రెప్ప వాలినట్టు దానంతట అదే జరిగేది.

ఇలాంటి వాడిని పోయిపోయి కిక్ బాక్సింగ్‌లో చేరాను. ఎనభైల మొదట్లో చిత్తూరులో ఏ వీధిలో చూసినా కరాటే బోర్డులే. మా మాస్టరు వారానికి మూడు రోజులు వేలూరు నుంచి బస్సులో వచ్చి, అరవం కలిసిన తెలుగులో మాకు తన్నడం నేర్పేవాడు. మొదటి నెల మా క్లాసు చూడ్డానికి జనం చేరేవాళ్ళు. ఒకడు తన్నేవాడు, వెంటనే తన్నిన చోటు ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. తన్నులు తిన్నవాడు చేతులు దించి "పర్లేదులే" అనేవాడు. మాస్టరు తల పట్టుకున్నాడు. దండం పెట్టినవాడికి యాభై బస్కీలు, పర్లేదన్నవాడికి ఇంకో యాభై అని రూలు పెట్టాడు. రెండు నెలలు తొడలు వాచాక అందరి భక్తీ వదిలింది. నాదీ వదిలిందనే అనుకున్నాను.

అప్పుడు నేను బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలు మోసేవాడిని. మద్రాసులో ఒక జట్టు ఉందనీ, ఊరూరా టికెట్టు పెట్టి పోటీలు ఆడుతుందనీ, ఆటగాళ్ళకు నెల జీతమనీ మాస్టరు చెప్పాడు. ఆ జట్టువాళ్ళు చిత్తూరుకు వస్తున్నారు. ఎనిమిది మందిని దింపుతారు. ఓడినవాడు ఓడినట్టే ఇంటికి పోవాలి. చివరికి మిగిలిన ఒక్కడినే మద్రాసు తీసుకుపోతారు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, నేను పోటీకి వారం ముందే పని మానేశాను. ఊరికే మానలేదు. ఇంక నా కాలి దుమ్ము కూడా ఈ గేటులో పడదని మేస్త్రీతో అందరి ముందూ చెప్పి వచ్చాను. బెల్లం మండీలో తూకం వేసే మా నాయన ఆ మాట విని, తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మాత్రం అన్నాడు. అమ్మ దాన్ని తన్నుల పోటీ అనేది, పక్కింటివాళ్ళకు మాత్రం ఉద్యోగం పరీక్ష అని చెప్పింది. గెలవకపోతే మళ్ళీ ఆ గేటు ముందు నిలబడాలి. నాకు ఆ ఒక్క భయమే ఉండింది.

మైదానంలో నాలుగు సరుగుడు కట్టెలు పాతి, కొబ్బరి తాళ్ళకు పాత చీరలు చుట్టి బరి కట్టారు. కింద వరిగడ్డి, దాని మీద టార్పాలిన్. పొద్దున నా మొదటి పోటీ తొందరగానే అయిపోయింది. అవతలివాడికి నాకన్నా భయం ఎక్కువ. మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని ఉంటే, పలమనేరు నుంచి వచ్చిన ఒకాయన తన క్యారియర్ తెరిచి పెరుగన్నం సగం నాకు పెట్టాడు. పాలు పోసుకుని బతికే మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. కడుపు నిండా తినొద్దనీ, నిండితే కాలు లేవదనీ చెప్పాడు. ఆ తర్వాతి పోటీలో నేను గెలిచాను, ఆయనా గెలిచాడు. సాయంత్రానికి మేమిద్దరమే మిగిలాం.

మొదటి రౌండు ఆయనదే. తొందరపడకుండా, ఆవు దగ్గర కూర్చున్నంత నిదానంగా కొట్టాడు. రెండో రౌండులో నేను ఆయన డొక్కకు గురిపెట్టి కాలు విసిరాను. సరిగ్గా అప్పుడే ఆయన వంగాడు. నా అరికాలు పోయి ఆయన ముఖానికి తగిలింది. దెబ్బ పెద్దది కాదు. కానీ అరికాలు, అదీ అన్నం పెట్టిన పెద్దమనిషి ముఖానికి. చేసిన బస్కీలన్నీ ఎటు పోయాయో, నా చెయ్యి గ్లవ్‌తోనే ముందుకు పోయి ఆయన చెంప తాకి నా కళ్ళ దగ్గరకు వచ్చేసింది.

అప్పుడు ఆయన ఒక్క గుద్దుతో నన్ను పడేసి ఉండొచ్చు. పడేయలేదు. రెండు చేతులూ దించి, తల ఊపి, "పర్లేదులే అబ్బా" అన్నాడు.

గ్లవ్ పక్కనుంచి ఆ దించిన చేతులు నాకు కనబడ్డాయి. ఏదో కంగారులో జరిగిందని చాలామందికి చెప్పాను గానీ, ఇప్పుడు అబద్ధమెందుకు? నాకు అన్నీ తెలుసు. ఫ్యాక్టరీ గేటు గుర్తొచ్చింది. తెలిసే తన్నాను.

రిఫరీ పది లెక్కపెట్టినా ఆయన లేవలేదు. మద్రాసు నుంచి వచ్చిన ఆ రిఫరీ నా చెయ్యి పైకెత్తి, దండం పెట్టి ఏమార్చడం మంచి ఎత్తు, ఎక్కడ నేర్చుకున్నావని అరవంలో అడిగాడు. మా మాస్టరు నా వైపు చూడకుండా సామాన్లు సర్దుకున్నాడు.

నేను బస్టాండుకు పరిగెత్తాను. ఆయన తువ్వాల్లో ఐసుముక్క చుట్టి దవడకు పెట్టుకుని పలమనేరు బస్సు కోసం కూర్చుని ఉన్నాడు. నేను కాళ్ళ మీదికి వంగబోతే నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"మొదుట్ది తగిలినాది. దానికి ఆడనే కండ్లకద్దుకున్నావు, సరిపోయినాది. రెండోది తగల్లేదబ్బా, నువ్వు తన్నినావు. తన్నినదానికి దండమేంది?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకు ఏడుపొచ్చింది. పైగా నేను కూర్చోడానికి బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు. నేను కూర్చోలేకపోయాను. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

మద్రాసులో ఏడాదిన్నర ఆడాను. తర్వాత మోకాలు పోయింది. మళ్ళీ ఆ ఫ్యాక్టరీలోనే చేరాను. మేస్త్రీ నా కాలి దుమ్ము గురించి రెండు రోజులు ఎగతాళి చేసి ఊరుకున్నాడు.

ఇప్పటికీ బస్సులో ఎవరికైనా కాలు తగిలితే నా చెయ్యి దానంతట అదే పోతుంది. వాళ్ళు "పర్లేదులే" అంటారు. ఆ మాట వినగానే నేను నా కాళ్ళను వెనక్కి లాక్కుంటాను.