మూసి తెరవమనే మనిషి

జియాయి తీరంలోని రొయ్యల పరిశోధన కేంద్రంలో గణాంకాలు కట్టే ఆర్ ప్రోగ్రాంలో ఎవరి లెక్క తేడా కొట్టినా సీనియర్ పరిశోధకురాలు యీ-చిన్‌నే పిలుస్తారు. చెప్పులీడ్చుకుంటూ వస్తుంది. కంప్యూటర్ మొరాయించకుండా బుద్ధిగా ఉండాలని అక్కడివాళ్ల నమ్మకం కొద్దీ దాని మీద పెట్టుకున్న ఆకుపచ్చ చిరుతిళ్ల ప్యాకెట్ చించి, నములుతూ ఒకే మాట చెబుతుంది: "ఆర్ ప్రోగ్రాం మూసి తెరువు." ఆవేళ పరిశోధక విద్యార్థి జిహావో వంతు. కొత్త మేతతో రొయ్యలు రెట్టింపు పెరిగాయని తేల్చాడు. మర్నాడే పట్టా కోసం పరీక్షకుల ముందు నిలబడాలి. కానీ అతని ఫైలు ఇంకెవరి కంప్యూటర్లోనూ నడవడం లేదు.

"నా దాంట్లో బానే నడుస్తోంది అక్కా, మూయకు!"

మూసేసింది. జ్ఞాపకంలోని పాత అంకెలు దాచాలా అని ప్రోగ్రాం అడిగితే వద్దంది. తెరిచి నడిపితే రొయ్యల బరువులు దొరక్క మూడో వరుసలోనే ఆగిపోయింది. ఎప్పుడో ఎక్కించిన వేరే చెరువు రొయ్యల బరువులు ప్రోగ్రాం జ్ఞాపకంలో ఉండిపోయాయి, ఇన్నాళ్లూ లెక్క వాటితోనే నడిచింది. ఈ చెరువువి ఎక్కిస్తే పెరుగుదల మాయమైంది.

"నువ్వు మూయకపోతే పెరిగేవి కదక్కా!"

"ఏంటి, రొయ్యలా?" అని కుర్చీ లాక్కుంది. "ఏడవకు. మేత పనిచెయ్యలేదని రాద్దాం, అదీ ఫలితమే."

ప్రోగ్రాం మూయకుండా వాడడం అందరికీ నేర్పిన ప్రొఫెసర్ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నారు.

"సార్, మీదీ ఒకసారి మూసి తెరుద్దామా?" అంది యీ-చిన్.

"మీటింగుంది" అంటూ ఆయన మూత తెరిచే ఉన్న తన లాప్‌టాప్‌ను పళ్లెంలా రెండు చేతుల మీదా మోసుకుంటూ వెళ్లిపోయారు.