శాలువా కప్పిన ఫిర్యాదు

మా తమ్ముడికి ఎడమ చెవి వినబడదు. పుట్టుకతో వచ్చిన లోపం కాదు. మా దుకాణం ముందే, పట్టపగలు, బజారంతా చూస్తుండగా ఒక ఎస్సై కొట్టిన దెబ్బకు పోయింది. "ఎస్సై కొట్టాడు" అన్న రెండు మాటలు సర్కారు కాగితం మీదికి ఎక్కించాలని నేను తిరుగుతున్నాను. నష్టపరిహారం అడగలేదు, అడగను కూడా. ఆ రెండు మాటలు చాలు.

వరంగల్ బజారులో మాది ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. బకెట్లు, డ్రమ్ములు, వడ్లు ఆరబోసుకునే టార్పాలిన్లు అమ్ముతాం. కోతల రోజుల్లో నర్సంపేట వైపు నుంచి రైతులు వస్తారు. టార్పాలిన్‌ను పూర్తిగా విప్పి, చిల్లులున్నాయేమో వెలుతురులో చూసుకోనిదే రైతు కొనడు. లోపల అంత చోటు లేదు కనుక రోడ్డు వారన పరిచి చూపిస్తాం. మా నాన్న కాలం నుంచీ ఇదే పద్ధతి. ఆ రోజు ఎవరో పెద్ద నాయకుడు అటుగా పోతాడని బందోబస్తు పెట్టారు. ఎస్సై జీపు దిగి, అది తీసెయ్యమన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని ఉన్న తమ్ముడు, "ఇగో సార్, మడతపెట్టి తీస్తాన" అన్నాడు. ఆ మాట పూర్తయిందో లేదో అరచేయి వచ్చి చెవి మీద పడింది. తమ్ముడు టార్పాలిన్ మీదికే ఒరిగాడు. కొనడానికి వచ్చిన రైతు తన సంచి కూడా వదిలేసి జనంలో కలిసిపోయాడు.

కర్ణభేరి చిరిగిందని దవాఖానలో చెప్పారు. తర్వాత చీము పట్టింది. ఇక వినికిడి రాదన్నారు.

ఆ సాయంత్రమే స్టేషన్‌కు పోయాను. కుర్చీ కనబడితే కూర్చున్నాను. నాకంటే ఎంతో చిన్నవాడైన కానిస్టేబుల్ వచ్చి, "లే, కుర్చీ సార్లకు. నువ్వు బెంచీ మీద కూసో" అన్నాడు. మా బజారులో నన్ను 'నువ్వు' అని పిలిచేవాళ్లు నా ఈడు వాళ్లే. బెంచీ మీద కూర్చోలేదు. ఎస్సై వచ్చేదాకా నిలబడే ఉన్నాను.

"ఏంది సేటూ, ఎవని మీద కంప్లయింటు?" అన్నాడు ఎస్సై.

"మీ మీదనే సార్."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. "నా స్టేషన్ల నా మీదనే రాసుకోమంటవా? నీ దుకాణంల బకెట్ ఓటిదని నువ్వే బోర్డు పెట్టుకుంటవా?"

"ఓటిదైతే ఓటిదనే చెప్పి సగం ధరకు అమ్ముతం సార్" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఫిర్యాదు మాత్రం తీసుకోలేదు.

మా కార్పొరేటర్ దగ్గరికి పోయాను. ఎన్నికలప్పుడు మా దుకాణంలో బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని చాయ్ తాగిపోయినవాడే. "అన్నా, ఎస్సై మనోడే. నేను మాట్లాడుత. నువ్వు ఫికర్ చేయకు, జర ఆగు" అన్నాడు.

"ఓటు అడిగిననాడు నేను గూడ మనోణ్నే గదనే?" అన్నాను.

"గిట్లనే అంటే నీకు ఎవ్వరు మిగలరన్నా" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆగలేదు. హన్మకొండలో పై అధికారిని కలిసి ఫిర్యాదు ఇచ్చాను. మా పక్క దుకాణాలవాళ్లు సాక్ష్యం చెప్తామని మొదట అన్నారు. తర్వాత నేను అటు పోతుంటే షట్టరు సర్దుకోవడం మొదలుపెట్టారు. తమ్ముడు కూడా, "ఇడిసిపెట్టన్నా. పోయిన చెవి ఎట్లైనా రాదు. దుకాణం నడుపుకోవాలె గదా" అన్నాడు. వాడి మాట వినలేదు. తిరగ్గా తిరగ్గా, ఆఖరికి విచారణకు ఒక అధికారిని వేశారు.

విచారణ ఇంకా మొదలవకముందే మా బజారులో సీసీ కెమెరాల ప్రారంభం జరిగింది. దుకాణదారుల చందాలతో పోలీసులు పెట్టించిన కెమెరాలు అవి. రోడ్డు మీదే వేదిక కట్టారు. కార్పొరేటర్, ఎస్సై పక్కపక్కన కూర్చున్నారు. నేను వెనుక వరుసలో ఉన్నాను. ఉన్నట్టుండి మైకులో, "మన బజారు పెద్దమనిషి వేదిక మీదికి రావాలె" అని నన్ను పిలిచారు. పైకెక్కితే మాట్లాడమంటారు, అప్పుడు అందరి ముందూ మా తమ్ముడి చెవి సంగతి అడుగుదామనుకున్నాను. మెట్లెక్కుతూ మాటలు కూడగట్టుకున్నాను. ఎక్కగానే కార్పొరేటర్ శాలువా విప్పాడు. రెండో కొస ఎస్సై పట్టుకున్నాడు.

శాలువా మెడ దాకా వస్తే ఎవరికైనా తల వంగుతుంది. చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. పెళ్లిళ్లలో, సంఘం మీటింగుల్లో చిన్నప్పటి నుంచీ చూసి చూసి ఒంటికి పట్టిన అలవాటు. నా తల కూడా వంగింది. అది నా తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. శాలువాను ఉచ్చులా వాడినవాళ్లదే ఆ తప్పు. ఫొటోలు తీశారు. మైకు కోసం చేయి చాపేలోపే ఇంకొకరి పేరు పిలిచారు. ఇంటికి వచ్చేసరికి ఆ ఫొటో ఫోన్లన్నీ తిరిగి నా ఫోన్‌కూ వచ్చింది. కింద ఒక వాక్యం ఉంది: పోలీసులకు, వ్యాపారులకు మధ్య అపోహలు తొలగిపోయాయి.

విచారణాధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. తర్వాత తన ఫోన్ నా ముందు పెట్టాడు. అదే ఫొటో.

"ఇదేందండీ మరి?"

"శాలువా కప్పిండ్రు సార్."

"కప్పించుకున్నరు గదా. నవ్వుతాండ్రు కూడా."

"శాలువా కప్పితే చెవి వినబడ్తదా సార్?"

అతను ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. తమ్ముణ్ని విడిగా అడగాలి, మీరు బయట కూర్చోండి అన్నాడు. తమ్ముడు లోపల ఎక్కువసేపు లేడు. బయటికి వచ్చాక ఏమడిగారని అడిగితే, "పేరు, వయసు, దుకాణం ఎప్పటిసంది ఉన్నది, గివే. మంచిగనే మాట్లాడిండు. చాయ్ తాపిండు" అన్నాడు. దెబ్బ సంగతి మళ్లీ పిలిచి అడుగుతారు కాబోలనుకున్నాం.

మళ్లీ పిలవలేదు. విచారణ ముగిసిందని కాగితం వచ్చింది. "ఎస్సై మిమ్మల్ని కొట్టాడా అని రెండుసార్లు అడగ్గా బాధితుడు మౌనం వహించాడు. ఫిర్యాదుదారు ఇప్పటికే రాజీపడినట్లు కనబడుతున్నది. ఆరోపణ రుజువు కాలేదు." ఇదీ అందులో ఉన్న సారాంశం. తమ్ముడి కుడి పక్కన కూర్చుని చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"నన్ను గా మాట అడగలేదన్నా" అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చింది. "సార్ నా ముందట కూసున్నడు. టైపు కొట్టేటాయన గీ పక్కకు కూసున్నడు" అంటూ ఎడమ చెవి పట్టుకున్నాడు. "ఆయన తల వంచుకుని టకటక టైపు కొడుతనే ఉన్నడు. ఆయనేమన్న అడిగిండో ఏమో."

కాగితం పట్టుకుని అధికారి దగ్గరికి పోయాను. వినబడని చెవి వైపు నుంచి అడిగించారని చెప్పాను.

"వినబడకపోతే వినబడలేదని చెప్పాలె గదండీ" అన్నాడు, అంతే మర్యాదగా.

"వినబడంది వినబడలేదని వానికెట్ల తెలుస్తది సార్?"

"పైకి అప్పీలు చేసుకోండి" అన్నాడు. వెనుక నిలబడ్డవాణ్ని లోపలికి పిలిచాడు.

ఇంతకాలం వాళ్లు చేసిన అవమానాలు ఒక్కటీ మర్చిపోలేదు. కానీ ఇది వేరు. చెవి పోగొట్టినవాళ్లే, ఆ పోయిన చెవినే సాక్ష్యంగా వాడుకుని వాడి నోరు మూసేశారు.

తెల్లవారి దుకాణంలో అప్పీలు రాయడానికి కూర్చున్నాను. ఎప్పటిలాగే నా పేరుతో మొదలుపెట్టాను. తమ్ముడు వచ్చి నా చేతి కింది కాగితం లాగేశాడు. ఇడిసిపెట్టు అంటాడనుకున్నాను.

"నీ పేరు వద్దన్నా. నాది పెట్టు" అన్నాడు.

"నీకెందుకురా? నేను తిరుగుత గదా."

"మౌనం వహించిండని రాసిండ్రు గదా. నేను చెప్త, నువ్వు రాయి. నేను చెప్పిందే రాయి."

కొత్త కాగితం తీశాను. వాడు నిలబడే చెప్పాడు. ఒక చెవి పోయినప్పటి నుంచి తన గొంతు ఎంత పైకి పోతున్నదో వాడికి తెలియడం లేదు. "ఎస్సై నన్ను కొట్టిండు" అన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఎదురు దుకాణంవాడు తల బయటపెట్టి, మళ్లీ లోపలికి తీసుకున్నాడు. మెల్లగా అనమని నేను వాడికి చెప్పలేదు.