ముప్పై ఒకటో ఆకు

ఏ మాటైనా పదిమందీ అన్నాక అనడం వెంగయ్యకు చిన్నప్పటి అలవాటు. బడిలో అందరూ కలిసి ఎక్కాలు అరుస్తుంటే తను పెదాలు కదిపేవాడు. గొంతు వినపడకపోయినా నోరు కదలడం అయ్యవారికి కనపడితే చాలు. ఐదో తరగతిలో కొత్తగా వచ్చిన అయ్యవారు ఒకరోజు అతన్నొక్కడినే లేపి, "ఏడెనిమిదులు ఎంతరా?" అని అడిగాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. వెంగయ్య నోరు కదిలింది గానీ మాట రాలేదు. ఆ వారంలోనే వాళ్ల నాయన నడుం పట్టేసి మంచం ఎక్కాడు. అందుకే పిల్లవాడు బడి మానేశాడని ఊళ్లో అందరూ అన్నారు. వెంగయ్య కూడా అదే అన్నాడు.

ఇప్పుడతనికి నలభై తొమ్మిదేళ్లు. భుజాలు అరిగిపోయాయి, పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. కుర్రతనంలో ఉదయగిరిలో చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కే రహీమాబీకి కొండ మీదనుంచి కర్ర మోసుకొచ్చి ఇచ్చేవాడు. తర్వాత కామయ్య మేస్త్రీ ముఠాలో చేరాడు. జామాయిల్ తోటలు నరకడం, దుంగలు లారీలకు ఎత్తడం ఆ ముఠా పని. మేస్త్రీతో కలిపి మొత్తం పన్నెండుమంది. దుంగ లేపేటప్పుడు కామయ్య ఒక కేక వేస్తాడు, మిగతావాళ్లు దాన్ని అందుకుంటారు. అందులో ఒక్కడు వెనకబడ్డా దుంగ ఎవరి కాలి మీదో పడుతుంది. అందుకని ఆ ముఠాలో కామయ్య మాటకు ఎదురుమాట లేదు. అది భయం కాదు. ఇరవై రెండేళ్లలో ఒక్కడి కాలు కూడా విరగనివ్వని మనిషి ఆయన.

రెండేళ్ల కిందట సీతారామపురం దగ్గర తోట కొడుతుంటే, మధ్యాహ్నం అన్నాల వేళకు ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. వెనక సీటుకు అట్టపెట్టె కట్టుకుంది. పేరు షైనీ. కొండాపురంలో సామ్యేలు సారు కూతురు. యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది.

"ఏం చదువుతుండావు పాపా?" లారీ నీడలో చోటిస్తూ అడిగాడు కామయ్య.

"చెట్లు, మాటలు, లెక్కలు. మూడూ కలిపి మామా."

"ఒకటి చాలలేదా?"

షైనీ నవ్వి, తన పనేమిటో విడమరిచి చెప్పింది. ఒకే చెట్టుకు కలువాయిలో ఒక పేరు, ఇక్కడ ఇంకో పేరు, పుస్తకంలో మరో పేరు. మందులకు పనికొచ్చే చెట్ల పేర్లు ముసలివాళ్లతోపాటే పోతున్నాయి. మనుషులు చెప్పే మాటలన్నీ కంప్యూటర్‌లో పెడితే, ఏ పేరు ఏ చెట్టుదో లెక్కకట్టి అదే తేల్చాలి. అలా తేల్చడం దానికి నేర్పడమే తన చదువు.

"మా మాటలు కంప్యూటర్‌కి అర్థమైతాయా మేడమ్? నా పెండ్లానికే అర్థం గావు," అన్నాడు ఓబయ్య.

పెట్టెలో నలభై అట్టలున్నాయి. ఒక్కో అట్టకు ఒక్కో ఎండిన ఆకు అంటించి, నంబరు వేసి, పక్కన చిన్న కవర్లో బెరడు ముక్క పెట్టింది. అట్ట చేతులు మారుతుంటే ఒక్కొక్కరూ పేరు చెప్పాలి. నీళ్ల చెంబు వెళ్లినట్టే ప్రతి అట్టా ముందు కామయ్య చేతికే వెళ్లింది.

ముప్పై ఒకటో ఆకును కామయ్య అటూ ఇటూ తిప్పి చూసి, "అంకుడు," అన్నాడు.

"అంకుడే," అన్నాడు ఓబయ్య. "అంకుడు." "అంకుడు." అట్ట వరసనే కదిలింది.

వెంగయ్య పదకొండోవాడు. అట్ట చేతికి రాగానే అలవాటు కొద్దీ కవర్లోంచి బెరడు పొట్టు గిల్లి నాలుక మీద వేసుకున్నాడు. చేదు. ఆ చేదుతో రహీమాబీ గుర్తొచ్చింది. కొత్తలో ఒకసారి అతను కొండంతా తిరిగి మోపు తెచ్చి పడేస్తే, ఆమె బెరడు గోటితో గీరి, నాలుకకు తాకించుకుని పక్కకు ఊసింది. "ఇది అంకుడు గాదు, కొడిశ నాయనా. ఆకు చూసి కొట్టుకొచ్చినావు గదా? ఆకు చూస్తే నేనూ మోసపోతా. దీంతో స్పూను చేసినానంటే, పాయసం తాగినోడు నన్ను తిడతాడు," అంది. మరునాడు ఆ మోపు అతనిచేతే వెనక్కి మోయించి, కొండ మొదలుదాకా తనే వచ్చి రెండు చెట్లూ చూపించింది. రెండింటికీ పాలు కారతాయి, రెండూ తెల్లగా పూస్తాయి, రెండింటికీ కాయలు జంటగానే వేలాడతాయి. అంకుడు కాయల కొసలు అతుక్కుని ఉంటాయి. కొడిశ కాయల కొసలు విడిగా ఉంటాయి.

"మీరేమంటారు వెంగయ్యన్నా?" అంది షైనీ, పెన్ను పట్టుకుని.

"అంకుడు," అన్నాడు వెంగయ్య.

రెండు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి తెచ్చిన పెట్టెలో లడ్లు ఉన్నాయి.

"ముప్పై ఒకటో ఆకు నా థీసిస్‌ను నిలబెట్టింది మామా," అంది కామయ్యతో. "మా యూనివర్సిటీలో చెట్లు తెలిసిన సార్లు అది కొడిశ అన్నారు. మీరు పన్నెండుమందీ అంకుడు అన్నారు. ఒకరిద్దరు పొరబడతారు గానీ, పన్నెండుమందీ ఒకే పొరపాటు చేస్తారా? ఆ లెక్క కట్టి చూసినా. లక్షకు ఒకసారి గూడా జరగదు. అంటే ఈ పక్క ఆ పేరు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టు మీదికి మారిపోయింది. ఇది ఇంతవరకు ఎవరూ రాయలేదు. మూడు వారాల్లో పెద్ద సార్ల ముందర చెప్పబోతున్నా."

"మా ముఠా అంటే ఏమనుకున్నావు మరి," అన్నాడు కామయ్య మీసం తుడుచుకుంటూ.

వెంగయ్య తన లడ్డు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

అతను ఆ వారంలో ఆమెకు మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ "బాగుండావా పాపా?" అని అడిగి పెట్టేశాడు. నోరు విప్పితే ఆ పిల్ల చదువు కూలుతుంది, ఇన్నేళ్లు అన్నం పెట్టిన మేస్త్రీ అబద్ధాలకోరు అవుతాడు. విప్పకపోతే లేని మాట పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎనిమిదో రోజు తనకు జ్వరమని కామయ్యతో చెప్పి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆత్మకూరు బస్సెక్కాడు. షైనీ అక్కడ బస్టాండు వెనక గది తీసుకుని రాసుకుంటోంది.

ఆమె కుర్చీ చూపించినా అతను గడప దగ్గరే చతికిలబడ్డాడు.

"పాపా, మేము పన్నెండుమంది గాదు."

"మరి?"

"ఒక్కడే. కామయ్యన్న ఏమంటే మేమంతా అది. నువ్వు అట్ట ముందర ఆయనకిచ్చినావు. ఆయన చెప్పినాక ఇంకేముండాది అడగను? అది కొడిశ. చేదు. నాకు అప్పుడే తెలుసు."

షైనీ ల్యాప్‌టాప్ మూసేసింది.

"తెలిసి గూడా ఎందుకు చెప్పలేదన్నా?"

"దుంగ ఎత్తేటప్పుడు ఒక్కడు వేరే కేక వేస్తే..."

"అది దుంగ గాదు గదన్నా. ఆకు."

"మాకు రెండూ ఒకటే అయిపోయినాయి పాపా," అన్నాడు వెంగయ్య.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి, ఉన్న అన్నం రెండు పళ్లేల్లో పెట్టింది. సగం తిన్నాక అంది: "తప్పు నాదన్నా. పన్నెండుమంది చెప్పినారని లెక్కపెట్టుకున్నా గానీ, ఒకరి మాట ఒకరు వింటా చెప్పినారని లెక్కలో ఎక్కించలేదు. మళ్లీ అడగాలి. ఒక్కొక్కరినీ."

"కామయ్యన్నకు తెలుస్తాది."

"తెలియాలి గదా."

తెలియాలి. బస్సులో ఉదయగిరి వచ్చేదాకా వెంగయ్య ఆ మాటే నెమరేసుకున్నాడు. ఆ పిల్ల నోటివెంట కాదు, తన నోటివెంటే తెలియాలి. మరునాడు పొద్దున్నే టీ అంగడి దగ్గర, మిగతావాళ్లు రాకముందే, మొత్తం చెప్పేశాడు. జ్వరం అబద్ధమన్నది కూడా.

కామయ్య గ్లాసులో టీ ఊదుకున్నాడు. వెంగయ్య తిట్లకోసం కాచుకున్నాడు.

"నాకు ఆ ఆకు తెలవదురా," అన్నాడు కామయ్య.

"ఏందీ?"

"తెలవదు. పాప నా మొగమే చూస్తా ఉండె. మేస్త్రీని గదా, ఏదో ఒకటి చెప్పాలని అంకుడన్నా. మీరంతా అంకుడే అంకుడే అంటావుంటే, సరేలే, తెలిసే చెప్పినట్టుండాను అనుకున్నా." ఒక గుక్క తాగాడు. "మేము ఒక్కడే అన్నావంట గదా ఆ పాపతో. అదీ తప్పే. ఆ ఒక్కడు గూడా లేడు."

ముందు నవ్వింది ఎవరో ఇద్దరికీ గుర్తులేదు. టీ అంగడివాడు మాత్రం ఏమైందోనని తల బయటపెట్టి చూశాడు.

రెండోసారి అడగడానికి ఏర్పాటంతా కామయ్యే చేశాడు. లారీ క్యాబిన్‌లో షైనీ కూర్చుంటుంది. ఒక్కొక్కడే ఎక్కాలి, దిగినవాడు బయట నోరు విప్పకూడదు. తను చివర ఎక్కుతానన్నాడు. "తెలవకపోతే తెలవదని చెప్పండిరా. నేను అదే చెప్పబోతుండా," అన్నాడు గట్టిగా.

వెంగయ్య ఎక్కి తలుపు వేసుకున్నాడు. బయటి చప్పుడు ఆగిపోయింది. ముందు ఎవరూ చెప్పలేదు, వెనక ఎవరూ చెప్పబోవడం లేదు. ఏడెనిమిదులు అడిగిన రోజూ ఇంతే.

"ముప్పై ఒకటి," అంది షైనీ.

"కొడిశ."

"మీకెట్ట తెలుసన్నా?"

అట్లా రెండో ప్రశ్న అతన్ని అంతవరకు ఎవరూ అడగలేదు. బెరడు చేదు చెప్పాడు, కాయల కొసలు చెప్పాడు, రహీమాబీ ఊసిన సంగతి చెప్పాడు. వేరే అట్టలు తీయించి వాటి సంగతులూ చెప్పాడు. ఏ ఆకును మేకలు ముట్టవో, ఏ కర్ర వానలో నానితే వాసనొస్తుందో చెప్పాడు. దిగేసరికి గంట దాటింది. కింద నిలబడ్డవాళ్లు అతన్ని ఎగాదిగా చూశారు.

"లోపల కాపురం పెట్టినావా ఏంది?" అన్నాడు ఓబయ్య.

పన్నెండుమందిలో ఐదుగురు కొడిశ అన్నారు. ముగ్గురు అంకుడు అన్నారు. నలుగురు తెలియదన్నారు. మొదటిసారి నలభై ఆకుల్లో ఒక్కదానికి కూడా తెలియదన్న మాట రాలేదు.

షైనీ పెద్ద సార్ల ముందుకు వెళ్లాల్సిన రోజు దాటిపోయింది. ఆరు నెలలు గడువిచ్చారు. ఆ అధ్యాయం కొట్టేసి ఇంకొకటి రాసింది. పదిమంది ఒకరి మాట ఒకరు వింటూ చెప్పినప్పుడు, అందులో నిజంగా ఎందరు చెప్పినట్టో లెక్కగట్టడం ఎట్లా అని. ముందుదానికన్నా ఇదే పనికొచ్చేదని సార్లు అన్నారట. పోయిన ఆగస్టులో ఆమెకు డాక్టరేటు వచ్చింది. లావుపాటి పుస్తకం పట్టుకుని తోటలోకి వచ్చి, మొదటి పేజీల్లో ఒకచోట ఆగి చదివింది. ముఠా అని రాయలేదు. పన్నెండు పేర్లు, ఒక్కో పేరు పక్కన వాళ్ల ఊరు. పదమూడో పేరు రహీమాబీది.

ఆ పేజీ జిరాక్సు వెంగయ్య మడత పడకుండా తీసుకెళ్లి రహీమాబీకి చూపించాడు. ఆమెకు చూపు తగ్గింది, చెక్కడం కూడా మానేసింది. కాగితం మీద తన పేరున్న చోట అతనిచేత తన వేలు పెట్టించుకుంది.

"ఆ మోపు తిరిగి మోయించినానని ఎంత తిట్టుకున్నావో ఆ పొద్దు," అంది.

"తిట్టుకున్నానమ్మా," అన్నాడు వెంగయ్య. "నువ్వు ఆ మోపు ఊరికే తీసుకొని ఉంటే, ఆ పిల్లకు ఏం చెప్పుండేవాణ్ణి?"

కష్టం ఏమీ తగ్గలేదు. దుంగలు అంతే బరువు, భుజం అంతే నొప్పి, ఎత్తేటప్పుడు కేక ఇప్పటికీ కామయ్యదే. పోయిన వారం కలువాయి దారిలో కొత్త తోటలో, గట్టు మీదికి ఒరిగిన చెట్టొకటి ఎదురైంది. ఏ వైపు గొడ్డలి వేస్తే ఎటు పడుతుందో తెలియడం లేదు. కామయ్య చెట్టు చుట్టూ చూశాడు, ముఠాను చూశాడు.

"వెంగా, ముందర నువ్వు చెప్పు."

అందరూ అతనివైపు తిరిగారు. వెంగయ్య తల పైకెత్తి, కొమ్మల బరువు ఎటుందో చూసుకున్నాడు.

"తెలవదన్నా. కాసేపు ఆగండి, చుట్టూ తిరిగి చూసి చెప్తా," అన్నాడు.

గొడ్డళ్లు కింద పెట్టి అందరూ ఆగారు.