ఆరు వేల రూపాయల సినిమా డబ్బా

ఆ డబ్బా వచ్చిన సంగతి నాకు మొదట చెప్పింది ఆటో గంగాధర్. 2024, శ్రావణమాసం చివరి రోజులు. నిజామాబాద్ బస్టాండు వెనక సందులో మా దుకాణం. అప్పుడే షట్టర్ ఎత్తి, లింబాద్రి నరసింహస్వామి పటం ముందు దీపం వెలిగిస్తున్నాను. గంగాధర్ ఆటో రోడ్డు మీదే వదిలేసి లోపలికి వచ్చాడు.

"అక్కా, గా సినిమా మల్లొచ్చిందట. అట్టడబ్బల పెట్టి అమ్ముతున్నరట. ఎంతనో ఎరికేనా? ఆరు వేలు!"

అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా నాకు తెలియలేదు. ఒక్క సినిమాకు ఆరు వేలా! ఒకప్పుడు ఇదే దుకాణంలో రోజుకు పది రూపాయలకు అద్దెకిచ్చిన సినిమా అది.

ఏ సినిమా అని నేను అడగలేదు. గంగాధర్ నోట "గా సినిమా" అంటే ఒక్కటే. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే అందరూ హీరో గురించే మాట్లాడుకుంటారు.

ముందు నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే పలక మీద తెలుగు దిద్దించాడు. ఇంగ్లీషు అక్షరాలు పెళ్లయ్యాక వీసీఆర్ బటన్ల మీద నేర్చుకున్నాను. మాది వీడియో క్యాసెట్ల దుకాణం. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాక టేపులను సీడీలుగా మార్చే పని నా చేతికొచ్చింది. పెళ్లి టేపులు, పుట్టువెంట్రుకల టేపులు, పాత సినిమాలు ఎన్ని మార్చానో లెక్కలేదు. సినిమాలు అలా మార్చి ఇవ్వడం చట్టానికి తప్పని తర్వాత తెలిసింది, మానేశాను. ఇప్పుడు జిరాక్సు, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు, ఎప్పుడైనా ఎవరో తెచ్చే పాత టేపు. ఆ పని అన్నం పెట్టింది, ఇప్పటికీ పెడుతోంది. అందుకు దేవుడికి రోజూ దండం పెడతాను.

ఇక గంగాధర్ తల్లి పోశవ్వ. బోధన్ పక్క పల్లె. ఆమె భర్త శాయిలు ఎడ్లబండి మీద చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు. నలభై అయిదేళ్ల కిందట చెరకు తోటల దగ్గర షూటింగ్‌కు వచ్చినవాళ్లు, దారిన పోతున్న బండ్లను ఆపి వరుసగా నడిపించుకున్నారు. అందులో శాయిలు బండి ఉంది. సినిమా బోధన్‌కు వచ్చినప్పుడు మొగుడూ పెళ్లాలు ఇద్దరూ పోయి చూశారు. అప్పటికి పోశవ్వకు ఆరో నెల. ఆ ఏడాది చెరకు కొట్టే కాలంలోనే లోడు బండి తిరగబడి శాయిలు పోయాడు. గంగాధర్ తండ్రిని చూడలేదు. చూడటానికి ఫొటో కూడా లేదు. బండి తోలుకునే మనిషికి ఆ రోజుల్లో ఫొటో ఎవరు తీశారు! పెత్రమాస నాడు అందరి ఇళ్లలో పెద్దల ఫొటోలు తుడిచి పెట్టి, వాళ్ల పేరున బియ్యం ఇస్తారు. పోశవ్వ పీట మీద శాయిలు తలరుమాలు పెట్టి ఇచ్చేది.

ఇరవై ఏళ్ల కిందట ఆమె నా దగ్గర ఆ సినిమా సీడీ చేయించుకుంది. నాలుగు రోజులకు తిరిగి తెచ్చింది.

"బిడ్డా, గిండ్ల మా ఆయన లేడు."

"ఏడ ఉండాలె అవ్వా?"

"సెరుకు బండ్లు పోతుంటయి సూడు. గా పోరి పాట పాడుకుంట నడుస్తుంటది. ఎడమ దిక్కు మూడో బండి మా ఆయనది."

సీడీ పెట్టి చూశాను. పాట వచ్చింది, నాయిక వచ్చింది, బండ్లు వచ్చాయి. రెండే.

"రెండే ఉన్నయవ్వా. మూడోది ఏడికెల్లి తేవాలె నేను?" అన్నాను. అని నవ్వాను కూడా. వేరే సినిమా అయ్యుంటుంది, మతికి రావట్లేదేమో అని సర్ది చెప్పి పంపాను. ఆమె సీడీ కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు గంగాధర్ వచ్చిన పని వేరు. ఆటో ఎక్కిన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక క్యాంపు రైతు, సినిమాల మీద పిచ్చి ఉన్నాయన, తనకొచ్చిన పార్శిల్ విప్పి చూపించాడట. పాత నెగెటివ్ నుంచి కొత్తగా చేసిన బ్లూరే అది. బ్లూరే అంటే డీవీడీ కన్నా చాలా స్పష్టమైన బొమ్మ పట్టే డిస్కు. ఆ ముచ్చట గంగాధర్ ఇంట్లో నోరు జారాడు. అంతే, బీడీ కార్మికులకొచ్చే పింఛను కూడబెట్టిన డబ్బంతా ముందు పెట్టి తల్లి పట్టు పట్టింది.

"నువ్వు చెప్తే ఇంటది అక్కా. ఆయన గండ్ల లేడు, పైసలు ఆగం జేసుకోకు అని చెప్పు. వచ్చే నెల అవ్వకు కంటి ఆపరేషను ఉన్నది."

"నిజమే కదరా, లేడు కదా. చెప్త తియ్యి," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ డబ్బా వివరాలు ఫోనులో చూశాను. గట్టి అట్ట, రంగుల పుస్తకం, పోస్టుకార్డులు, డబ్బా మీద వరుస నంబరు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని, నాకు కోపమే వచ్చింది. సినిమా ఒక వంతు, అలంకారం మూడు వంతులు.

మర్నాడు గంగాధర్‌తో కలిసి పోశవ్వ స్వయంగా వచ్చింది. బల్ల మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. యూట్యూబ్‌లో ఆ సినిమా ఊరికే ఉందని పాట తీసి చూపించాను. అందులోనూ రెండే బండ్లు.

"గిది నాకు జూపియ్యకు. సెల్లుల మా మనుమరాలు ఎప్పుడో సూపెట్టింది," అంది.

"మరింకేంది అవ్వా?"

"నేను కండ్లార సూసిన బిడ్డా. సచ్చినోన్ని సూసిన అంటలేను, బతికి పక్కల కూసున్నోనితోని కలిసి సూసిన."

గంగాధర్ విసుక్కున్నాడు. "సరేనే. తెప్పిస్త. గీ పాలి గిట్ల లేకుంటే, మల్ల బతికినన్ని దినాలు గా ముచ్చట తియ్యొద్దు. ఒప్పుకుంటవా?"

పోశవ్వ బల్ల మీది నుంచి లేచి కొంగు దోపుకుంది. "తియ్య," అంది.

ఆరు వేలు పోతే పోనీ, ఆమె పందెం కాసింది ఆరు వేలు కాదు. భర్తను చూశానన్న తన మాటను.

డబ్బా భాద్రపదంలో వచ్చింది. మా మేనల్లుడి బ్లూరే ప్లేయర్ అడిగి తెచ్చాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ షట్టర్ సగం దించి, పెద్ద టీవీకి తగిలించాను. పోశవ్వ కింద చాప మీద, గంగాధర్ గోడకు ఆనుకుని. బొమ్మ వచ్చింది. పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో వెడల్పాటి బొమ్మ. ఆ చెరకు ఆకుల పచ్చదనం చూసి నేను నోరు తెరిచాను. మా టేపుల్లో ఆ తోటలు ఎప్పుడూ నీలి బూడిద రంగులోనే ఉండేవి.

పాట మొదలైంది. నాయిక నడుస్తోంది. ఒక బండి, రెండో బండి. ఎడమ చివర మూడో బండి.

ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు, ఎర్ర రుమాలు, నోట్లో చెరకు ముక్క. బండి నడుస్తుండగా ఒక్కసారి ఇటు తిరిగి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. నేరుగా మా ముగ్గురినీ చూసి నవ్వినట్టుంది. నేను ఆపాను. టేపును ఆపితే బొమ్మ వణుకుతుంది, గీతలు పడతాయి. ఇది కదలకుండా నిలబడింది. కనుబొమ్మ మీద గాటు కూడా తెలుస్తోంది.

మొదట పోశవ్వే మాట్లాడింది.

"ఓయమ్మ! గింత సిన్నోడా?"

అరవై ఆరేళ్ల మనిషి మోకాళ్ల మీద టీవీ దాకా పాకింది. "గింత సిన్నపోరడా నా మొగడు! నా మనుమడంత లేడు గదరా గంగా!"

గంగాధర్ గోడ దగ్గర నుంచి కదల్లేదు. చేత్తో తన కనుబొమ్మలు, ముక్కు, గడ్డం తడుముకుంటున్నాడు. నలభై నాలుగేళ్ల కొడుకు, ఇరవై నాలుగేళ్ల తండ్రి.

"ఎవలిని చూసి నవ్వుతుండే నాయిన?" అన్నాడు చివరికి.

"నన్నే. సద్ది తీస్కపోయిన గాయాల్ల. కెమెరా పక్కకు నిలవడ్డ. అటు సూడొద్దని గాల్లు మొత్తుకుంటనే ఉన్నరు, గీయన సూసిండు."

అప్పుడు నాకు తట్టిందొక మాట. ఆ నల్ల పట్టీలు. నాకు తెలుసు అవి.

సినిమా బొమ్మ వెడల్పు, పాత టీవీ దాదాపు చదరం. బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ ఉండే ఈ కొలతను ఆస్పెక్ట్ రేషియో అంటారు. వెడల్పు బొమ్మ చదరపు టీవీలో మొత్తం పట్టాలంటే పైనా కిందా నల్లగా వదలాలి. మా ఊళ్లో గిరాకీలకు అది గిట్టేది కాదు. "సగం టీవీ నల్లగున్నది, సగం పైసలే ఇస్తం," అని వెక్కిరించేవాళ్లు. అందుకని సీడీ చేసేటప్పుడు నేను మిషన్ మీద జూమ్ బటన్ నొక్కేదాన్ని. బొమ్మ పెద్దదై టీవీ నిండేది. అటూ ఇటూ కలిపి దాదాపు సగం బొమ్మ తెగిపోయేది. తెగిన ముక్కలో ఏముందో ఎన్నడూ చూడలేదు. గిరాకీలు మెచ్చుకున్నారు, నేను మంచి పనిమంతురాలిని అనుకున్నాను. యూట్యూబ్‌లో పెట్టినవాళ్లూ ఇలాగే కోసి ఉంటారు.

నిచ్చెన వేసి అటక ఎక్కాను. ఆ సినిమా పాత టేపు ఇంకా ఉంది, అంచుల్లో తెల్లటి బూజుతో. తుడిచి పాత వీసీఆర్‌లో పెట్టాను. గరగరమంటూ పాట దాకా వచ్చింది. నల్ల పట్టీల మధ్య, ఎడమ చివర మూడో బండి. ముఖం పిండిముద్దలా ఉంది, అయినా రుమాలు ఎరుపు తెలుస్తోంది.

ఆమె సీడీ తిరిగి తెచ్చిన రోజున నేను సీడీ వేసి చూశాను. టేపు వేసి చూడలేదు. ఇరవై ఏళ్లు ఆయన నా నెత్తి మీద అటకలోనే ఉన్నాడు.

"అవ్వా, తప్పు నాది. అంచులు నేనే కోసిన," అన్నాను.

"నువ్వు కోసినవా?"

"టీవీ నిండ కనవడాలని."

ఆమె నా వైపు తిరిగి కూర్చుంది. అరవలేదు. "నేను సెప్తే నువ్వు నవ్వినవు బిడ్డా. యాదికున్నదా?"

"ఉన్నది."

"నువ్వు సినిమాలు తెలిసినదానివి. నువ్వే లేడంటే ఇంక నేనెంత? గా నవ్వుకు ఇరవై ఏండ్లు నోరు మూసుకున్న. నాకే అనుమానమొచ్చింది, గసలు నేను ఆయన మొకం మర్సిపోయిన్నేమో అని."

గంగాధర్ తలెత్తలేదు. "నేను గూడ సినిమా పిచ్చిది అన్ననే అవ్వా," అన్నాడు మెల్లగా.

"అన్నవు తియ్. అడ్డిమారి కొడుకా, ఇగ ఏడ్వకు. గాయన జూస్తుండు." తర్వాత నాతో, "నువ్వు ఫొటో తియ్యి. గీ పాలి ఏం కొయ్యకు," అంది.

కెమెరా స్టాండు మీద పెట్టి, తెర మీద ఆపిన బొమ్మను ఫొటో తీశాను. ఇప్పుడు ముఖాలను నున్నగా చేసే యాప్‌లు వచ్చాయి. అవి వాడితే అందంగా వస్తుంది, కానీ ఆ మనిషి రాడు. అందుకని ముట్టుకోలేదు. పక్కన ఎద్దు కొమ్ము అడ్డంగా వచ్చింది, అదీ తీసేయలేదు. ఫ్రేము కట్టి ఇచ్చాను. ఆ పెత్రమాసకు గంగాధర్ మొదటిసారి తండ్రి ముఖం చూస్తూ బియ్యం ఇచ్చాడు.

ఇది తెలిసిన గిరాకీలు నన్ను అడుగుతుంటారు, అంత ధర పెట్టవచ్చా అని. నా అనుభవం చెప్తాను. అట్టకు, పోస్టుకార్డులకు, నంబరుకు పెట్టకండి. కొందరు పాత టేపునే సాగదీసి కొత్త డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు, దానికి ఆరు రూపాయలు కూడా దండగ. నెగెటివ్ నుంచి స్కాన్ చేశారా, అంటే ఒక్కొక్క ఫ్రేమును విడిగా కంప్యూటర్‌లోకి ఎక్కించి మచ్చలు తుడిచారా, బొమ్మ మొత్తం వెడల్పు ఉంచారా, ఈ రెండూ కనుక్కోండి. రెండూ ఉంటే ఆ ధర అట్టకు కాదు, పనికి. నలభై ఏళ్లు ఆ నెగెటివ్‌ను చెదలకు, తేమకు వదలకుండా కాపాడిన ఎవరో తెలియని మనుషులకు నేను రుణపడి ఉన్నాను. వాళ్ల పేర్లు నాకు తెలియవు, దీపం పెట్టేటప్పుడు మాత్రం తలుచుకుంటాను.

ఈ సంగతి నాకు నేర్పింది నా పనికి మించింది. గిరాకీ వచ్చి "లేడు" అంటే, ఉన్నచోట వెతకడం కాదు, నేను ఏం తీసేశానో ముందు చూసుకోవాలి. ఇప్పుడు ఏ టేపు మార్చినా నల్ల పట్టీలతోనే ఇస్తున్నాను. తిట్టేవాళ్లు తిడుతున్నారు.

మీకొక మనవి. చెరకు బండ్లు వరుసగా పోయే పాత పాట ఎప్పుడైనా మీ ఇంట్లో టీవీలో వస్తే, బొమ్మను మొత్తం వెడల్పుకు పెట్టి ఎడమ అంచున చూడండి. మూడో బండి మీద చెరకు నములుతూ తన భార్యను చూసి నవ్వేవాడి పేరు సినిమాలో ఎక్కడా పడదు. ఆయన పేరు శాయిలు. నవ్వు కనిపించగానే ఒక్కసారి ఆ పేరు పైకి అనండి.