లైన్లో ఉన్న హాల్వర్

హాల్వర్ స్టోర్లీకి ఫోన్ పెట్టెయ్యడం చేతకాదు. అవతల యంత్రం "దయచేసి లైన్లో ఉండండి" అంటే మనలాంటివాళ్ళం రెండు నిమిషాలు ఉండి, నాలుగు తిట్లు తిట్టి పెట్టేస్తాం. ఆయన మాత్రం ఉండమన్నారు కదా అని ఉంటాడు. గంటలకు గంటలు ఉంటాడు.

ఆయన గొర్రెలు పెంచుకునే రైతు. రెండేళ్ళకోసారి చలికాలంలో శాసనసభ కూడితే రాష్ట్ర రాజధాని హెలెనాకు వస్తాడు. ఆయన సభ్యుడిగా ఉన్న ఆరోగ్య కమిటీకి నేను కార్యదర్శిని. ఆ ఏడాది ఆయన చొక్కా జేబులోంచి ఎప్పుడు చూసినా సన్నగా వయొలిన్ పాట వినిపించేది. లైన్లో ఉన్నవాళ్ళ కోసం బీమా కంపెనీ పెట్టిన పాట అది. క్యాంటీన్లో దాల్చినచెక్క రోల్‌ను చిల్లీ అనే మాంసం కూరలో ముంచుకు తింటున్నా అదే పాట. ఒక మాజీ సభ్యుడి అంత్యక్రియల్లో పాస్టరుగారు ప్రార్థన ఆపి ఆ జేబుకేసి చూశారు. "మీరు కానివ్వండి, నా ముందింకా ఎనిమిదిమంది ఉన్నారు" అన్నాడు హాల్వర్.

ఆయన భార్య ఇంగాను అడిగితే ఇది కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదంది. పెళ్ళి చేసుకుంటావా అని అడిగి, జవాబు వచ్చేదాకా వాళ్ళ ఇంటి వసారాలోనే కూర్చున్నాడట. మూడో రోజున వాళ్ళ నాన్నే విసుగెత్తి సరే అన్నాడట.

మా చైర్మన్ డంకన్ లైల్‌కు ఆ పాట వింటే ఒళ్ళు మండేది. పైగా ఆ ఏడు మా ముందున్నది ఆయన సొంత బిల్లు. పేదల వైద్యానికి ప్రభుత్వమే ఖర్చులు కట్టడం మాని, మనిషికి నెలకింత అని ఒక బీమా కంపెనీకి ఇచ్చేస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి పంపాలో, ఏ మందుకు అనుమతివ్వాలో ఆ కంపెనీయే చూసుకుంటుంది. రెండేళ్ళుగా మూడు కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటివాటిలో, పరీక్షించారు, ఇక రాష్ట్రంలోని యాభై ఆరింటికీ పెడదామని బిల్లు. నిజం చెప్పాలంటే ఆలోచన చెడ్డదేమీ కాదు. ఆ మూడు చోట్లా టీకాలు పెరిగాయి, చక్కెర జబ్బువాళ్ళ ఇళ్ళకు నర్సులు వెళ్ళారు. డంకనూ చెడ్డవాడు కాదు, తొందర మనిషి, అంతే.

బిల్లు మీద విచారణ జరిగే రోజు పొద్దున హాల్వర్ ముఖంలో కళ లేదు. ఏమైందంటే, "ఈవేళ కుదరకపోతే కష్టం అమ్మాయ్" అని మాత్రం అని, జేబు తడుముకుంటూ లోపలికి పోయాడు.

కంపెనీ పెద్దమనిషి లేచి, ఎవరు ఫోన్ చేసినా సగటున నాలుగు నిమిషాల్లో పలుకుతున్నామని చెప్పాడు. హాల్వర్ జేబులో వయొలిన్ మోగుతూనే ఉంది. డంకన్ బల్ల మీద కొట్టి దాన్ని ఆపమన్నాడు.

"ఆపలేనండీ చైర్మన్ గారూ. ఎనిమిదింపావుకు చేశాను, ఇప్పుడు పదకొండు. పెట్టేస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

డంకన్ కంపెనీ మనిషికేసి తిరిగి, మరి ఆ నాలుగు నిమిషాలేమిటని అడిగాడు. ఆయన కాగితాలు రెండుసార్లు తిరగేసి, మధ్యలో పెట్టేసినవాళ్ళనూ, గంట దాటి ఆగినవాళ్ళనూ ఆ సగటులో కలపలేదని ఒప్పుకున్నాడు.

అప్పుడే పాట ఆగింది. జేబులోంచి ఒక అమ్మాయి గొంతు పలికింది. హాల్వర్ గబుక్కున ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. "ఒక్క నిమిషం తల్లీ, మాట్లాడాల్సింది నేను కాదు" అని మరో నంబరు కలిపాడు. "అర్లీన్, దొరికారు. మాట్లాడు."

తర్వాత ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చివర్లో, "అయితే మందు ఈవేళే పంపుతారన్నమాట" అన్నాడు. "ఇక్కడ పెద్దవాళ్ళు అడిగేట్టున్నారు, చెప్పమంటావా అర్లీన్?" అనడిగి, ఆమె సరేనన్నాకే మాకు చెప్పాడు.

అర్లీన్ ఆ మూడు కౌంటీల్లో ఒకచోట బడిలో వంట చేస్తుంది. కూతురికి మూర్ఛ. ఆ మందుకు కంపెనీ అనుమతి ఆగిపోయింది. ఇంట్లో నాలుగు రోజులకు సరిపడా మాత్రలే ఉన్నాయి.

"పొయ్యి దగ్గర మూడు గంటలు ఫోన్ పట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు హాల్వర్. "ఆమె ఫోన్‌కు నెలకు వంద నిమిషాలే. పదకొండుసార్లు చేసి పెట్టేసింది. గొర్రెలు ఈనేదాకా నాకేం పని? నేను ఉండగలను కదా అని ఉంటున్నాను."

ఇలా ఎంతమందికని డంకన్ అడిగాడు. హాల్వర్ చిన్న నోటుపుస్తకం తీసి చూసి, ఈ చలికాలంలో అరవై మూడన్నాడు. నేను రాసుకోవడం మానేసి ముక్కు తుడుచుకున్నాను. ఆ జేబును చూసి అందరికంటే ఎక్కువ నవ్వినదాన్ని నేనే. నాకు సిగ్గేసింది.

డంకన్ ఆ రోజు ఓటింగు పెట్టలేదు. రెండు వారాల తర్వాత బిల్లు మారి వచ్చింది. పరీక్ష ఆ మూడు కౌంటీల్లోనే ఇంకో రెండేళ్ళు సాగాలి, ఫోన్ పెట్టేసినవాళ్ళనూ లెక్కించాలి. అది కాయితాల మీద జరిగిన సంగతి. విచారణ రోజు మధ్యాహ్నమే జరిగింది నాకు అంతకన్నా ఇష్టం.

డంకన్ హాల్వర్ బల్ల దగ్గరికొచ్చి, ఇంకా పని కాని పేర్లలో సగం తనకిమ్మన్నాడు. హాల్వర్ ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"నీకు ఓపిక తక్కువ డంకన్. పది నిమిషాలకు పెట్టేస్తావు."

"పెట్టను."

హాల్వర్ చాలాసేపు పుస్తకం తిరగేసి, ఒకే ఒక్క పేరు చీటీ మీద రాసిచ్చాడు. "కళ్ళజోడు కావాలంటున్న పెద్దాయన. అంత తొందరేం లేదు. ముందు ఇది చెయ్యి. ఎలా చేస్తావో చూసి ఇంకోటి ఇస్తాను."

ఆరోగ్య కమిటీ చైర్మన్ గారు ఆ చీటీ తీసుకుని బుద్ధిగా వెళ్ళిపోయారు.