మూతి చూపియ్యి

2021. సూరత్‌లో డిండోలి. కరోనా కాస్త నెమ్మదించినా మాస్కులు ఇంకా దిగని రోజులు. నేను మానసిక వైద్యుడి దగ్గర నర్సుని. డుమస్ బీచ్‌లో మొసలికి సూది వేశానని చెప్పుకునే దాన్ని, నా కోతలు క్లినిక్ అంతా ఎరిగినవే. ఇది మాత్రం కోత కాదు.

రాజయ్య బాపుకి డెబ్బై దాటాయి. సిరిసిల్ల నుంచి వచ్చి నలభై ఏళ్లు సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు నడిపాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఎవర్నీ నమ్మడు. కోడలు పద్మ చెప్పిందంతా విని డాక్టరు గారు పారనాయిడ్ పర్సనాలిటీ డిజార్డర్ అయ్యుండొచ్చన్నారు. నిన్నమొన్నటి జబ్బు కాదు, అనుమానమే స్వభావమై గట్టిపడటం. ముసలితనంలో ముదరొచ్చు. ముదిరింది కూడా. పద్మ వండింది ముట్టడు, మాత్రలు వేసుకోడు. షుగర్ మనిషి, పది రోజులుగా సీలు విప్పని బిస్కెట్ల మీదే ఉన్నాడు. కాళ్లు తూలుతున్నాయి.

మాస్కు పెట్టుకుని వాళ్లింటికెళ్లాను.

"ఎవలు పంపిండ్రు నిన్ను?"

"డాక్టరు సాబ్ పంపిండు బాపూ."

"ఏంది గొణుగుడు? మూతులు దాసుకొని అందరు గిదే పని. వంటింట్ల గుసగుస, గల్లీల గుసగుస!"

పద్మ ఏడ్చేసింది. "నేనేం గుసగుస పెట్టలే అక్కా. మామకు కరోనా అంటుతదని ఇంట్ల గూడ మాస్కు తీస్తలే, గంతే."

అప్పుడు తట్టింది. సాంచాల మోతలో మాట వినబడదు. పనివాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆ మోతకు బాపు చెవులు ఎప్పుడో పోయాయి, పెదవులు చదవడం అలవాటై ఆ సంగతి ఆయనకే తెలీదు. ఇప్పుడు లోకమంతా మూతి కప్పుకుంది.

బయటికెళ్లి గల్లీకి అవతల నిలబడ్డాను. మధ్యలో మూసిన కిటికీ అద్దం. మాస్కు దించి, గొంతు ఎత్తకుండా పెదవులు మాత్రం కదిపాను: "బాపూ, డుమస్‌ల మొసలికి సూది ఏసిన."

లోపల్నుంచి కేక. "అబద్ధాల నర్సమ్మా! సముద్రంల మొసలేంది?"

ఒక్క మాట పొల్లు పోకుండా పెదవుల మీదే చదివేశాడు.

పద్మ వచ్చి నా పక్కన మాస్కు దించింది. "మామా, జర అన్నం తిను."

ఆయన కిటికీ తెరిచి ఆమె మొహంలోకి చూశాడు. "గీ పిల్ల మొకం చూసి ఏడాదాయె," అన్నాడు. తర్వాత, "అన్నంల ఏం కలుపుతున్నరు?" అని నన్నడిగాడు.

అనుమానంతో వాదించొద్దు, అబద్ధం అసలే ఆడొద్దు. డాక్టరు గారి మొదటి మందు అదే, నాకు అన్నిటికంటే చేదు మందు. "వండంగ నేను చూడలే బాపూ," అన్నాను.

"గిది నిజం." పద్మ వైపు తిరిగాడు. "ముందుగాల నువ్వు తిను."

గడప అవతల కూర్చుని పద్మ నాలుగు ముద్దలు తింది. అదే గిన్నెలోంచి పెట్టించుకుని ఆయనా తిన్నాడు.

తర్వాత చెవి మెషిన్, పద్మకు పారదర్శకమైన ఫేస్ షీల్డ్, పదిహేను రోజులకోసారి డాక్టరుతో మాటలు. స్వభావం మారలేదు, మాత్రల అట్టను ఇప్పటికీ వెలుగుకు పెట్టి చూస్తాడు. చూసి వేసుకుంటాడు, అది చాలు. మనసును వెతికే ముందు చెవినీ కంటినీ పలకరించాలని నాకు నేర్పింది ఆయనే.

ఆ ఇంట్లో మాత్రం నా కోతలు సాగవు. గుమ్మంలో అడుగు పెట్టగానే మెషిన్ సర్దుకుంటూ అంటాడు: "ముందు మూతి చూపియ్యి."